నలభై అంటే ఏ నలభై?

కోయంబత్తూరు మిల్లుల్లో నూలు కౌంటు కట్టే పద్ధతి చూడండి. ఒకటిన్నర గజాల చుట్టుకొలత ఉన్న రీలు మీద ఎనభై చుట్లు చుడితే 120 గజాల నూలు వస్తుంది. దాన్ని ఎలక్ట్రానిక్ త్రాసులో వేసి, వచ్చిన గ్రాములతో 64.8ని భాగిస్తారు. 1.62 గ్రాములు తూగితే అది నలభై కౌంటు. పొడవు గజాల్లో, తూకం గ్రాముల్లో! ఆ 64.8 ఇంకేదో కాదు, పౌనులో ఏడో వంతు. 840 గజాల చిలపలు ఎన్ని కలిస్తే పౌను తూగుతాయో అదే ఇంగ్లీషు కౌంటు; 120 గజాలు ఒక చిలపలో ఏడో వంతు. 1956లోనే మెట్రిక్ చట్టం చేసుకున్న దేశంలో నూలు మాత్రం ఇంకా గజాన్నీ పౌనునూ వదల్లేదు. 1888లో బ్రిటిష్ వ్యాపారి స్టేన్స్ కోయంబత్తూరులో మిల్లు పెట్టినా, ఆ తర్వాత మదురైలో హార్వీ సోదరులు పెట్టినా యంత్రాలతో పాటే ఈ లెక్కా వచ్చింది. తర్వాత నల్లరేగడిలో పత్తి పండించిన తెలుగు నాయుళ్ల ఇళ్ల నుంచి మిల్లు యజమానులు వచ్చారు. వారిలో ఒకరైన కుప్పుస్వామి నాయుడు 1910లో లక్ష్మీ మిల్లు నెలకొల్పారు. వాళ్లూ ఈ లెక్కనే పట్టారు.

దీనివల్ల నష్టమేమిటని అడగవచ్చు. ప్రపంచ నూలు వ్యాపారంలో ఎక్కువ భాగం ఇంగ్లీషు కౌంటులోనే సాగుతోందన్నదీ, నేతగాడి వేలికి ఎనభై, నూరు అంటేనే సన్నదనం తెలుస్తుందన్నదీ నిజమే. ఆ మాటను నోటి నుంచి తీసేయమని నేను అనను. కానీ అంకె ఒక్కటే చాలదు. ఇంగ్లీషు నలభై అంటే వెయ్యి మీటర్లకు 14.8 గ్రాములు, అంటే 14.8 టెక్స్. కిలోకు ఎన్ని కిలోమీటర్లో చెప్పే మెట్రిక్ కౌంటులో నలభై అంటే 25 టెక్స్, చాలా ముతక నూలు. పైగా కౌంటు పెరిగితే నూలు సన్నబడుతుంది, టెక్స్ పెరిగితే లావవుతుంది. దూది దగ్గరా ఇంతే: ఇక్కడ 356 కిలోల కండికి ధర, న్యూయార్కులో పౌనుకు. ఇన్ని లెక్కల మధ్య పెద్ద వ్యాపారి గుమాస్తాతో మార్పించుకుంటాడు. చిలపలు కొనే చేనేత కార్మికుడికి ఆ వసతి లేదు.

అందుకే ప్రతి చిలప కట్ట మీదా, ప్రతి బేలు మీదా కౌంటు పక్కనే టెక్స్ కూడా అచ్చు వేయాలి. కోయంబత్తూరు, మదురై మిల్లులే ఇందుకు ముందుకు రావాలి. ఖర్చు ఒక వరుస సిరా.