వోటడుగువారు బదులు చెప్పవలసిన ప్రశ్న

ఎన్నికలు సమీపించినప్పుడు మన పట్టణములలోని సందుగొందులకు మహర్దశ పట్టును. అయిదేండ్లుగా కంటికగపడని పెద్దలు గడపగడపకును వత్తురు. మురుగుకాలువను గూర్చి యొకరు, మంచినీటి కుళాయిని గూర్చి యొకరు, వీధిదీపములను గూర్చి వేరొకరు వాగ్దానములను వర్షింతురు. ఇవి యన్నియు ప్రజలకు కావలసినవే, మేము కాదనము. కాని వోటడుగ వచ్చిన పెద్దమనుష్యుని నిలిపి యొక్క ప్రశ్న వేసి చూడుడు. "అయ్యా! హిజ్రాలును, ట్రాన్స్‌జెండరు వ్యక్తులును, స్వలింగానురాగులును ఈ నగరమున పౌరులు గదా. వారి హక్కులను గూర్చియు, వారి ఆరోగ్యమును గూర్చియు తమ నిశ్చయమేమి?" అని యడుగుడు. అంతవరకు గోదావరివలె సాగిన వాక్ప్రవాహము తటాలున నింకిపోవును. ఒకరు నవ్వుదురు. ఒకరు "అది సుప్రీంకోర్టు చూచుకొనును" అందురు. ఇంకొకరు "వారన్న మాకెంతో గౌరవము" అని చేతులు జోడించి పొరుగింటికి సాగుదురు.

గౌరవము మంచిదే. కాని గౌరవముతో జ్వరము తగ్గదు. మేము కోరునది నమస్కారము కాదు, నిశ్చయము. ఈ విషయమున మౌనము వహించిన అభ్యర్థి తన్ను తటస్థుడనుకొనవచ్చును గాని, ఆతని మౌనము ఉన్న యన్యాయమునకు పడిన వోటు. ఇంత కటువుగా చెప్పుటకు కారణము కలదు. హైదరాబాదున జరిగిన యొక సంగతిని పాఠకులు చిత్తగింతురు గాక.

2021 జనవరిలో నారాయణగూడయందు మిత్ర్ క్లినిక్ అను వైద్యశాల వెలసెను. ట్రాన్స్‌జెండరు వ్యక్తులకొరకు ఏర్పడిన సమగ్ర వైద్యశాలలలో దేశమున నిదియే మొదటిది. సాధారణ రోగములకు చికిత్స, హార్మోను వైద్యమునకు సలహా, హెచ్.ఐ.వి. పరీక్ష, మనోవ్యధకు ఉపశమనము - ఇవి యన్నియు నొక్క కప్పు క్రింద, అవమానము లేకుండ దొరకుచుండెను. అట్టివే పూనా, కల్యాణ్ పట్టణములలోను వెలసెను. మూడింటను కలిపి సుమారు 5,000 మంది వరకు సేవలు పొందిరి. ఈ పుణ్యకార్యమునకు ధనమెక్కడిది? మన ఖజానాది కాదు. అమెరికా ప్రభుత్వపు యూఎస్‌ఎయిడ్ సంస్థది. 2025 జనవరి 20న, అధికారము స్వీకరించిన దినముననే, డొనాల్డ్ ట్రంప్ విదేశ సహాయమును నిలుపుదల చేయు ఉత్తర్వుపై సంతకము చేసెను. వాషింగ్టనులో కలము కదలెను. నారాయణగూడలో తలుపు మూతపడెను.

ఆ మాసము చివరనే, జనవరి 31న, అదే నగరములోని గోషామహల్‌లో, 2,000 పడకల నూతన ఉస్మానియా ఆసుపత్రికి ముఖ్యమంత్రి శంకుస్థాపన చేసిరి. శిథిలమైన పాత భవనమున రోగులు పడిన పాట్లు ఎరిగిన వారెవ్వరును దానిని తప్పు పట్టరు, మేమును పట్టము. అంతకు ముందు మాసముననే, 2024 డిసెంబరులో, 39 మంది ట్రాన్స్‌జెండరు వ్యక్తులను ట్రాఫిక్ సహాయకులుగా నియమించి ప్రభుత్వము దేశమెల్లెడల మెప్పు పొందెను. ఆ మెప్పు అర్హమైనదే. కాని ఈ మూడు సంగతులను ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. ఎండలో నిలిచి మన బండ్లకు దారి చూపుటకు వారు మనవారు. వారికి రోగము వచ్చినప్పుడు మాత్రము మందీయవలసిన వారు అమెరికావారు! స్వరాజ్యము వచ్చి డెబ్బదియేడేండ్లు గడచిన పిమ్మట మన పౌరుల నాడి చూచుటకు పరదేశపు అధ్యక్షుని అనుగ్రహము కావలసి వచ్చుటకన్న తలవంపు మరేమున్నది?

అదే సంవత్సరము టాటా ట్రస్టుల ధనసహాయముతో, సబ్‌రంగ్ అను పేర, హైదరాబాదు వైద్యశాల మరల తెరచుకొనెను. దాతలకు మా నమస్కారములు. కాని ధర్మసత్రమునకును ప్రభుత్వాసుపత్రికిని భేదము కలదు. సత్రములో అన్నము దాత దయ. ఆసుపత్రిలో మందు పౌరుని స్వత్వము. దాత మనసు మారవచ్చును, దాత యింట కలిమి తరుగవచ్చును. నగరమున పన్ను కట్టు ప్రతివానికిని, సంతలో ఉప్పు కొన్నను పన్ను కట్టు ప్రతి హిజ్రాకును, ఖజానాపై గల హక్కు అట్లు మారదు, తరుగదు.

ప్రభుత్వము ఏమియు చేయలేదని మేమనము. 2022లో ఇరువురు ట్రాన్స్‌జెండరు వైద్యులు ఉస్మానియా ఆసుపత్రిలో నియుక్తులైరి. 2024లో జిల్లాలయందు మైత్రి క్లినిక్కులను నెలకొల్పుటకు తెలంగాణ ప్రభుత్వము పూనుకొనెను. ఇవి చేయదలచినచో చేయవచ్చుననుటకు సాక్ష్యములు. అందుచేతనే, మూతపడిన తలుపును గూర్చి ప్రజాప్రతినిధిని ప్రశ్నించుటకు మనకు మరింత అధికారము కలదు.

ఇక ఈ ప్రశ్నను తప్పించుకొనుటకు అభ్యర్థులు చెప్పు సాకులను పరిశీలింతము. అవి ముఖ్యముగా మూడు.

మొదటి సాకు, ఇదంతయు పాశ్చాత్యుల వికారము, మన దేశమునకు పరాయిది అనునది. విరాటుని కొలువులో బృహన్నలను తిక్కన తెనుగున నిలిపి ఏడువందల యేండ్లు గడచిన జాతికి ఈ పాఠము చెప్పుటకు సాహసము కావలెను. పరాయిది ఏదో చరిత్రనే యడుగుదము. 1860లో ఆంగ్లేయులు శిక్షాస్మృతి చేసి, 377వ సెక్షను క్రింద స్వలింగానురాగమును నేరముగా నిలిపిరి. 1871లో నేరస్థ జాతుల చట్టము చేసి, అందు హిజ్రాల పేర్లకు వేరుగ పట్టిక వ్రాయించిరి. పట్టికలోనికెక్కిన వారికి వీలునామా వ్రాయు హక్కు లేదు, దత్తత చేసికొను హక్కు లేదు. 1919లో, ఫసలీ 1329లో, నిజాం రాజ్యము ఆ బాటనే నడచి నపుంసకుల చట్టము చేసెను. హైదరాబాదు నగరమున వారికి పట్టిక. స్త్రీవేషమున వీధిలో అగపడినను, ఆడి పాడినను వారంటు లేకయే నిర్బంధము, రెండేండ్ల వరకు కారాగారము. ఆంగ్లేయులు పోయిరి, నిజాం ప్రభుత్వము పోయెను. చట్టము మాత్రము పోలేదు. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేయువరకు నూటనాలుగేండ్లు అది శాసనగ్రంథములలో నిలిచియుండెను. కనుక పరాయివాడు మన దేశమున విడిచిపోయినది హిజ్రాను కాదు, హిజ్రాను వేటాడిన చట్టమును. దేశాభిమానము పేర దానిని నెత్తిన పెట్టుకొనువారు ఎవరి దాస్యమును కాపాడుచున్నారో తామే యోచింతురు గాక.

రెండవ సాకు, "ఇది మా యధికారములోనిది కాదు" అనునది. ఇది కొంత మర్యాద గల సాకు గాన మర్యాదతోనే బదులు చెప్పుదము. వివాహము వంటి విషయము నగరసభ చేతిలో లేదనుట నిజము. 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు దానిని పార్లమెంటునకు వదలెను. వార్డు సభ్యుని మేమట్టిది కోరుట లేదు. మేమడుగునది ఆతని గడపలోనిది. బస్తీలలో 2018 నుండి తెరువబడిన దవాఖానాలకు వచ్చిన హిజ్రాను చీటీ వ్రాయువాడు ఏ పేరుతో పిలుచుచున్నాడు? నగరపు మరుగుదొడ్లలో వారికి చోటున్నదా? ఆసుపత్రిలో చేర్చుకొనినప్పుడు పురుషుల వార్డా, స్త్రీల వార్డా అని గంటలకొలది వరండాలో నిలుపుచున్నారా? ఈ పనులకు పార్లమెంటు అక్కరలేదు. 2014 ఏప్రిల్ 15ననే సుప్రీంకోర్టు, ట్రాన్స్‌జెండరు వ్యక్తులకు ఆసుపత్రులలో తగిన వైద్యము కల్పింపుడని, వేరు మరుగుదొడ్లు కట్టింపుడని, హెచ్.ఐ.వి. పర్యవేక్షణ కేంద్రములు నడుపుడని కేంద్ర రాష్ట్ర ప్రభుత్వములను ఆజ్ఞాపించెను. ఆ యాజ్ఞ వెలువడి పదేండ్లు దాటినది. ఆజ్ఞ ఢిల్లీలో వెలువడును, కాని దొడ్డికి తలుపు పెట్టవలసినది వార్డులోనే. తలుపు పెట్టించు యధికారము సైతము తనకు లేదనువాడు సభ్యత్వమునకు నిలుచుటయేల?

మూడవ సాకు, "వారెందరున్నారు?" అనునది. ఇదియే నిజమైన సాకు. తక్కిన రెండును దీనికి ముసుగులు. 2011 జనాభా లెక్కలలో, స్త్రీ పురుషులు కాక ఇతరులుగా నమోదైన వారు దేశమున 4,87,803 మంది. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది. భయముచే పేరు చెప్పుకొనని వారు ఈ లెక్కలోనికి రారు. అయినను మేము సంఖ్యపై వాదింపము. 2013 డిసెంబరులో సుప్రీంకోర్టు, బాధితులు స్వల్పసంఖ్యాకులను మాటకు విలువనిచ్చి 377వ సెక్షనును నిలిపెను. 2018 సెప్టెంబరు 6న అదే న్యాయస్థానము తన తీర్పును తానే త్రోసిపుచ్చెను. హక్కు తలలు లెక్కించి పంచు తద్దినపు భోజనము కాదని నాడే తేలిపోయినది.

ఐనను లెక్క తప్ప మరేమియు వినని వారి కొరకు ఆరోగ్యశాస్త్రపు లెక్క యొకటి చెప్పెదము. 377వ సెక్షనుపై ఢిల్లీ హైకోర్టులో 2001లో వ్యాజ్యము వేసినది నాజ్ ఫౌండేషన్. ఎయిడ్స్ నివారణకు పాటుపడిన సంస్థ. ఆ వ్యాజ్యమున కేంద్ర ప్రభుత్వమే రెండు నోళ్లతో మాటలాడెను. హోంశాఖ చట్టముండవలెననెను. ఆరోగ్యశాఖ క్రింది జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ యట్లుగాక, ఈ చట్టపు భయమువలన రోగులు చీకటిలో దాగుచున్నారు, మందు వారికి చేర్చలేకున్నాము అని ప్రమాణపత్రము దాఖలు చేసెను. సామాన్య జనములో హెచ్.ఐ.వి. నూటికి ఒకటికన్న తక్కువ కాగా, పురుషులతో సంగమించు పురుషులలో నూటికి ఎనిమిదికి పైగా నున్నదని ఆ పత్రమే చెప్పెను. ఇందలి నీతి యేమి? సిగ్గు, భయము రోగమునకు ఎరువులు. తలుపు వద్ద ఛీత్కారము పొందినవాడు మరల ఆసుపత్రికి రాడు. రాని రోగి రోగము వాని యింటనే నిలువదు. వారి హక్కు వేరు, మన ఆరోగ్యము వేరు అనుకొనుట పొరపాటు. 2009 జులై 2న ఢిల్లీ హైకోర్టు ఈ సత్యమును గ్రహించి తీర్పు చెప్పెను. ఇన్నేండ్ల పిమ్మటనైనను వార్డు అభ్యర్థి గ్రహింపరాదా?

ఇచట నొక నిజాయితీ గల ప్రశ్న కలదు. "మా యింటి గర్భవతికే ప్రభుత్వాసుపత్రిలో పడక దొరకదు, వీరికి వేరు వార్డు లేమిటి?" అని పేద వోటరు అడుగవచ్చును. ఆతని బాధ నిజము. కాని ఆతని పడకను హిజ్రా లాగికొనలేదు. ఇరువురకును పడక లేకుండ చేసినవాడు వేరొకడు. గర్భవతి వరుసలో నిలిచి రేపటికి రమ్మనిపించుకొనుచున్నది. హిజ్రాకు వరుసలో నిలుచుటయే లేదు. వీరికొక మెట్టు ఎక్కువ యిమ్మని మేము కోరము, వరుసలో నిలువనిమ్మందుము. ఒకరి కడుపుకోతను మరియొకరిపై ఉసికొల్పి వోట్లు దండుకొనువానిని పేదలందరును కలిసి గుర్తింపవలెను.

మన ప్రజలు ఈ మాత్రపు విశాలహృదయము లేనివారని అభ్యర్థులు భయపడ నక్కరలేదు. మధ్యప్రదేశ్‌లోని సోహాగ్‌పూర్ ప్రజలు శబ్నం మౌసీ అను హిజ్రాను శాసనసభకు పంపిరి. 2015లో ఛత్తీస్‌గఢ్‌లోని రాయ్‌గఢ్ ప్రజలు మధు కిన్నర్‌ను మేయరుగా నెన్నుకొనిరి. 2018లో గోషామహల్ నియోజకవర్గముననే చంద్రముఖి మువ్వల శాసనసభకు పోటీ చేసిరి. ఓడుట గెలుచుట అటుండనిండు. ఆ యభ్యర్థిత్వమే తక్కిన అభ్యర్థుల నోళ్లు విప్పింపవలసినది. అయినను ఈ భారమంతయు హిజ్రా అభ్యర్థులే మోయవలెననుట అన్యాయము. హరిజనోద్ధరణ హరిజనుల పని మాత్రమే యని దేశము నాడు అనలేదు.

కావున వోటర్లారా! ఈసారి మీ గడపకు వచ్చిన ప్రతి యభ్యర్థిని, పార్టీ ఏదైనను, ఈ ప్రశ్నలడుగుడు. విదేశధనము ఆగినందున ఆగిన వైద్యసేవను ప్రభుత్వ బడ్జెటులో చేర్పించుటకు పోరాడుదురా? గోషామహల్‌లో కట్టబడు ఆసుపత్రిలో వీరికి పడకలు, శిక్షణ పొందిన సిబ్బంది యుండునట్లు చూతురా? మీ వార్డు దవాఖానాలో వీరిని వీరి పేరుతో పిలుతురా? 2017 నాటి హెచ్.ఐ.వి. చట్టము చెప్పినట్లు రోగి రహస్యమును కాపాడింతురా? 2023లో హైకోర్టు చెప్పిన ఆసరా పింఛను మీ బస్తీలో ఎందరికి చేరినదో చదివి వినిపింతురా? అవునన్న యెడల కాగితముపై వ్రాసి సంతకము చేయుమనుడు. కాదన్న యెడల కారణము చెప్పుమనుడు. నవ్వి దాటిపోయిన యెడల ఆ నవ్వును పోలింగు నాటివరకు జ్ఞాపకముంచుకొనుడు.

పరదేశపు కలము కదలినంతనే మూతపడు తలుపులు మనకు వలదు. మన పన్నులతో తెరచి, మన శాసనముతో తెరచియే యుంచు తలుపులు కావలెను. వాటిని తెరువలేని చేతికి వోటేల?