సంచుల కాపలా ఎప్పుడూ మనదేనా?

మన ఇళ్ళల్లో ఏ యాత్రకు పోయినా ఒక ఉద్యోగం మనకోసమే ఖాళీగా పెట్టి ఉంచుతారు. గట్టు మీద కూర్చుని సంచులు, చెప్పులు, సెల్‌ఫోన్లు, కళ్ళద్దాలు చూసుకునే ఉద్యోగం. జీతం లేదు, సెలవు లేదు, రిటైర్‌మెంటు అంతకన్నా లేదు. 2016 కృష్ణా పుష్కరాలకు బీచుపల్లి పోయినవాళ్ళు ఒకసారి గుర్తు చేసుకోండి. మనం మూడు మునకలు వేసి గబగబా గట్టెక్కాం. మొగవాళ్ళు తీరిగ్గా ఈదులాడి "నీళ్ళు మస్తున్నయే" అంటూ వచ్చేసరికి పులిహోర డబ్బా మూత తీసి పెట్టాం. జూరాల గేట్లు ఎత్తారని చూడబోయినా ఇదే వరుస. మా కొత్తకోట దగ్గర సరళాసాగర్ నిండి, సైఫన్లు వాటంతటవే తెరుచుకుని నీళ్ళు దుముకుతుంటే చూడటానికి ఊళ్ళకు ఊళ్ళు కదులుతాయి. అక్కడా పిల్లలు జారిపడకుండా రెక్క పట్టుకునేది మనం, నీళ్ళకు ఎదురుగా నిలబడి ఫొటో దిగేది వాళ్ళు.

ఎందుకిట్లా అని అడగండి. "నీకు నీళ్ళ గండం ఉందే" అంటారు.

నాకూ ఉందట. చిన్నప్పుడు మా పంతులు జాతకం చూసి చెప్పాడని మా అమ్మ చచ్చేదాకా నమ్మింది. మా అన్నకు ఏ గండం ఉందో ఎవరూ చూపించలేదు. ఏడేళ్ళ వయసులో నడుముకు బెండ్లు కట్టి మా నాన్న ఆయన్ను మోటబాయిలోకి తోసేశాడు. వారం తిరిగేసరికి బెండ్లు విప్పేసి పైమెట్టు మీది నుంచి దూకుతున్నాడు. అన్న అంగీ, లాగూ చేతిలో పట్టుకుని మెట్ల మీద నిలబడింది నేను. సంచుల కాపలా ఉద్యోగంలో నా మొదటి రోజు అదే అయి ఉంటుంది.

సరే, గండమే అనుకుందాం. గద్వాల దగ్గర గుర్రంగడ్డ అనే ఊరుంది. చుట్టూ కృష్ణ పారుతుంటుంది, నడుమ ఊరు. సరుకులు తెచ్చుకోవాలన్నా, ఆస్పత్రికి పోవాలన్నా ఆ ఊరి ఆడవాళ్ళు పుట్టి ఎక్కో, పడవ ఎక్కో ఏళ్ళ తరబడి నది దాటారు. నెత్తిన గంపతో దాటారు, చంకలో పిల్లతో దాటారు. వాళ్ళ జాతకాలు ఏ పంతులూ తిరగెయ్యలేదు. 2007 జనవరిలో కొల్లాపూర్ వైపు మంచాలకట్ట కాడ కృష్ణలో పడవ మునిగి పదుల మంది పోయారు. 2020 ఆగస్టులో మక్తల్ దగ్గర పంచదేవ్‌పహాడ్ కాడ పుట్టి తిరగబడింది, గల్లంతైనవాళ్ళలో ఆడపిల్లలున్నారు. ఆ పుట్టి ఎక్కేటప్పుడు "నీకు గండం ఉంది, దిగు" అని ఎవరన్నా అన్నారా? అందరి ఒంటి మీదా ఒక లైఫ్ జాకెట్ అన్నా ఉందేమో చూసుకున్నారా?

నా కోపమంతా ఇక్కడే. పని మీద పోయే ఆడదానికి గండం ఉండదు. సంతోషానికి పోయే ఆడదానికే ఉంటుంది.

మొన్న ఎండాకాలం అట్లాంటాలో మా బిడ్డ ఇంటికి పోయినప్పుడు ఈ ముచ్చట ముదిరింది. అల్లుడు రాఫ్టింగ్‌కు పోదామన్నాడు. గాలి నింపిన రబ్బరు పడవలో ఆరుగురు కూర్చుని, రాళ్ళ మధ్య నురగలు కక్కుతూ దూకే నీళ్ళలో తెడ్లు వేసుకుంటూ దిగిపోవడమన్నమాట. అట్లాంటా నుంచి కారులో రెండు గంటలు పోతే టెన్నెసీ రాష్ట్రంలో ఒకోయి నది వస్తుంది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో పడవ పోటీలు ఆ నది మీదే పెట్టారు. పోదామనగానే అందరూ తల ఊపారు, తర్వాత అందరి తలలూ నా వైపు తిరిగాయి. మా మనవడికి ఏడేళ్ళు. ఆ నదిలో పన్నెండేళ్ళ లోపు పిల్లల్ని ఎక్కించుకోరు. అంటే వాడి దగ్గర ఎవరో ఒకరు ఉండాలి. ఎవరు ఉండాలో ఎవరూ అనలేదు, అననక్కర్లేదు కదా!

"అత్తమ్మా, మీకు ఒడ్డున మంచి నీడుంటది, కుర్చీ కూడా ఏస్త" అన్నాడు అల్లుడు. మంచి పిల్లాడు, ప్రేమతోనే అన్నాడు. మా ఆయన "యాభై రెండేండ్లొచ్చినయి, గీ వయసుల నీకెందుకే" అన్నారు. ఆయనకు యాభై ఎనిమిది. పైగా మోకాళ్ళ నొప్పులు, మెట్లు దిగాలంటే గోడ పట్టుకుంటారు. "మోకాళ్ళు నొప్పులున్నవి మీకు. కుర్చీలో మీరు కూర్చోండి, నేను పోతా" అన్నాను. ఇంట్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మా మనవడే "తాతా, మనం ఐస్‌క్రీమ్ తిందాం" అని రాజీ కుదిర్చాడు.

అక్కడ నేను చూసినవన్నీ చెప్తాను, ఎందుకంటే మనల్ని భయపెట్టేవాళ్ళెవరూ ఇవి చెప్పరు. ముందు ఒక కాగితం మీద సంతకం పెట్టమంటారు. ఏదన్నా జరిగితే మా పూచీ లేదని దాని సారాంశం. మా ఆయన దాన్ని పైకి చదివి వినిపించారు, రెండుసార్లు. తర్వాత హెల్మెట్, లైఫ్ జాకెట్. ఆ జాకెట్ తొడిగి వదిలెయ్యరు. పట్టీలన్నీ బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూస్తారు. చెవుల దాకా లేచిందా, మళ్ళీ బిగిస్తారు. నూలు బట్టలొద్దు, తడిస్తే బరువెక్కి చలి పెడతాయన్నారు. చున్నీ అసలే వద్దు. మెడలో వేలాడేవి తీసెయ్యమన్నారు. పుస్తెలతాడు తియ్యడం నాకిష్టం లేక లోపల బట్టకు పిన్నీసుతో బిగించి జాకెట్ జిప్పు వేసేశాను. పిన్నీసు లేని ఆడది ఉంటుందా!

మా గైడు పాతికేళ్ళ లోపు అమ్మాయి. పడవ వెనక కూర్చుని మా అల్లుడితో సహా అందరినీ గద్దించింది. తెడ్డు పైకొసన పిడి ఉంటుంది, దాని మీది చెయ్యి ఎన్నడూ వదలొద్దు, వదిలితే పక్కవాళ్ళ పళ్ళు రాలతాయంది. నీళ్ళలో పడితే వెల్లకిలా తేలాలి, కాలివేళ్ళు పైకి కనిపించాలి, పాదాలు నీళ్ళు పోయే దిక్కుకు ఉండాలి. పారే నీళ్ళలో మాత్రం లేచి నిలబడొద్దు. పాదం రాళ్ళ సందున ఇరుక్కుంటే వెనక నుంచి నీళ్ళు మనిషిని ముందుకు వంచి ముంచేస్తాయి. ఈత రాదన్నాను. "మీ జాకెట్‌కు వచ్చు, మీరు మాట వింటే చాలు" అంది.

ఒకోయి చరిత్ర కూడా వినదగ్గదే. 1913 నుంచి అక్కడి డ్యాం నీళ్ళను కొండ పక్కన కట్టిన చెక్క కాలువలోకి మళ్ళించి కరెంటు తీశారు. నది పడక ఎండిపోయి రాళ్ళు తేలింది. 1976లో ఆ కాలువ చెడిపోయి మూసేస్తే నీళ్ళు మళ్ళీ నదిలోకి వచ్చాయి, వాటి వెంట పడవల జనం వచ్చారు. కాలువ బాగుచేశాక నీళ్ళు మళ్ళీ కరెంటుకే అంటే వాళ్ళు ఒప్పుకోలేదు. సరదాకు కూడా నదిలో వాటా ఉందని కొట్లాడి గెలిచారు. ఇప్పుడు ఏ రోజు ఎన్ని గంటలకు నీళ్ళు వదులుతారో ముందే ప్రకటిస్తారు.

ఇది చదివినప్పుడు నాకు 2014 జూన్ 8 యాదికొచ్చింది. హిమాచల్‌లో బియాస్ నది రాళ్ళ మీద ఫొటోలు దిగుతున్న మన హైదరాబాద్ ఇంజనీరింగ్ పిల్లలు 24 మంది, పైన లార్జీ డ్యాం నీళ్ళు వదిలేసరికి కళ్ళముందే కొట్టుకుపోయారు. ఆ వీడియో టీవీలో వారం రోజులు వేశారు. ఆ వారమే ఎన్నో ఇళ్ళల్లో ఆడపిల్లల కాలేజీ టూర్లు రద్దయ్యాయి, మా చెల్లె బిడ్డది కూడా. డ్యాం వాళ్ళు సైరన్ మోగించడం నేర్చుకోవాలి అనాల్సిన చోట, ఆడపిల్లలు ఇంట్లో ఉండటం నేర్చుకోవాలి అన్నాం.

ఇక నీళ్ళ సంగతి. డ్యాం కిందనే మొదటి దూకుడు, తేరుకునే టైమే ఇవ్వదు. దాని పేరు గ్రంపీస్. చల్లటి నీళ్ళు మొహాన చెంబులతో కొట్టినట్టు కొడతాయి, ముక్కులోకి పోతాయి, పడవ ముందుభాగం నిలువునా లేస్తుంది. "ఫార్వర్డ్!" అని వెనక నుంచి అరుపు. నేను తెడ్డు వేశాను. ముప్పై ఏళ్ళు రోట్లో పచ్చడి నూరిన చేతులివి, రెండు నిమిషాల్లో లయ దొరికింది. తర్వాత బ్రోకెన్ నోజ్, విరిగిన ముక్కు అని పేరు, ఎవరిది విరిగిందో అడగలేదు. చివర్లో పవర్‌హౌస్ కాడ హెల్ హోల్, నరకపు గుంతట. అక్కడ మా అల్లుడు ఎగిరి నీళ్ళలో పడ్డాడు. గైడు చెప్పినట్టే వెల్లకిలా తేలాడు. మేము జాకెట్ భుజాలు పట్టుకుని లోపలికి లాగాం, ఒక పక్క మా బిడ్డ, ఒక పక్క నేను. "అత్తమ్మా, మీరే లాగిన్రా!" అని దగ్గుతూ నవ్వాడు. నా గొంతు మాత్రం అరిచి అరిచి పోయింది. భయంతోనా అంటే అవును. సంతోషంతోనా అంటే అదీ అవును. రెండూ ఒక్క అరుపులోనే ఉన్నాయి.

సాయంత్రానికి ఫొటో ఊరికి చేరింది, ఫోన్లు మొదలు. మా ఆడబిడ్డ "హెల్మెట్ పెట్టుకుని గదేం వేషం వదినా" అంది. వియ్యపురాలు "పిల్లాణ్ణి వదిలి ఎట్ల పోయినవ్ వదినా" అంది. పిల్లాడు తాత దగ్గరున్నాడు, రెండు ఐస్‌క్రీములు తిన్నాడు, జలుబు కూడా చెయ్యలేదు. నన్నడిగిన ఈ మాట మా ఆయన్ను ఏ ఒక్క యాత్రలోనూ ఎవరూ అడగలేదు.

ఒక మాట మాత్రం నిజంగా ఆలోచించాల్సింది. "ఏదన్నా అయితే?" అని మా చిన్నమ్మ అడిగింది. అవుతుంది చిన్నమ్మా. అక్కడా ప్రమాదాలు జరుగుతాయి, ఆ కాగితం ఊరికే రాయించుకోరు. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పాపికొండల పడవ మునిగి యాభై మంది దాకా పోయారు. వాళ్ళూ సరదాకు పోయినవాళ్ళే. అందుకే నీళ్ళకు దూరంగా ఉండాలంటారు మీరు. జాకెట్ పట్టీ బిగించనిదే పడవ కదలకూడదు అంటాను నేను. ఇంకో సంగతి. ఆరు గజాల చీర తడిసి కాళ్ళకు చుట్టుకుంటే ఎంత ఈత వచ్చినా కాలు ఆడుతుందా? ఈతా నేర్పకుండా, బట్టా మార్చనివ్వకుండా, పని పడితే మాత్రం పుట్టి ఎక్కించి, మునిగితే రాత అనడం ఏం ప్రేమ? ఆడపిల్లను నీళ్ళకు దూరంగా పెంచితే నీళ్ళు ఆమెకు దూరంగా ఉంటాయా? పొలం కాడ బాయి ఉంది, ఊరి ముందర చెరువుంది, కాలువలు ఇంటింటి వెనక పారుతున్నాయి.

"మగపిల్లలు ఈదే బాయికి ఆడపిల్లల్ని ఎట్ల పంపుతం" అని అడిగేవాళ్ళుంటారు. పొద్దున ఒక గంట ఆడపిల్లలకని పెట్టండి, ఆ గంట మగపిల్లలు ఇంట్లో బియ్యం ఏరుతారు. మన ఊళ్ళల్లో తల్లులే ముందు అడ్డం పడతారు, అది కూడా చెప్పకపోతే తప్పు. నల్లబడుతుంది, జుట్టు పాడవుతుంది, పెళ్ళి కావాల్సిన పిల్ల అంటారు. నల్లబడ్డ పిల్లకు పెళ్ళవుతుందమ్మా, ప్రాణంతో ఉంటే.

ఊరికి వచ్చిన మర్నాడే మా అన్నకు ఫోన్ చేశాను. ఆ మోటబాయి ఇంకా ఉంది, ఈసారి వానలు బాగా పడి సగానికి పైగా నీళ్ళున్నాయట. మా చెల్లె మనవరాళ్ళు ఇద్దరు, తొమ్మిదేళ్ళది ఒకతె, పదకొండేళ్ళది ఒకతె, దసరా సెలవులకు వస్తున్నారు. నేర్పుతావా అన్నాను. "ఆడపిల్లలకా?" అన్నాడు, కాసేపు ఆగి "బెండ్లు ఇప్పుడు యాడ దొరుకుతయి" అన్నాడు. హైదరాబాద్ నుంచి పిల్లల సైజు లైఫ్ జాకెట్లు రెండు తెప్పిస్తున్నాను, పట్టీలు ఎట్లా బిగించాలో నాకు తెలుసు. పెద్దవాళ్ళ సైజుది ఇంకొకటి కూడా చెప్పాను, అది నాకు.