తలుపు తీయకపోతే గడియ పీకేస్తారా?

"తమ్మీ, ఇయ్యాల పైసలు పడ్తయా?"

సోమవారం పొద్దున మా మదీనాగూడ అపార్ట్‌మెంట్ లిఫ్ట్ దగ్గర హౌస్‌కీపింగ్ అక్క అడిగింది. నేనేం ఉద్యోగం చేస్తానో ఆమెకి సరిగ్గా తెలీదు. 'కంప్యూటర్ల పని' అని మాత్రం తెలుసు. ఆ రోజు 7వ తేదీ. ఆమెకి జీతం పడే రోజు, ఆ సాయంత్రమే ఇంటి కిరాయి కట్టాల్సిన రోజు. "పడతాయిలే అక్కా" అనేసి బండి స్టార్ట్ చేశా. హఫీజ్‌పేట ఫ్లైఓవర్ దాటేసరికి ఆ మాటే మర్చిపోయా.

పదకొండింటికి ఆఫీసులో మళ్లీ గుర్తు చేసుకోవాల్సి వచ్చింది. నా స్క్రీన్ మీద ఎర్రగా ఒక ఎర్రర్. దాని పక్కన ఆగిపోయిన జీతాల ఫైలు. ఏ కంపెనీదా అని చూస్తే, అక్క యూనిఫాం జేబు మీద కుట్టి ఉండే పేరే!

అసలు సంగతి చెప్తా. అపార్ట్‌మెంట్లకీ ఆఫీసులకీ మనుషుల్ని పంపే ఆ కంపెనీకి హాజరు, జీతాల లెక్కలు చూసేది మా సాఫ్ట్‌వేరే. నెలకోసారి ఆ లెక్కల ఫైలు మా దగ్గర్నుంచి ఒక పేరోల్ సంస్థ సర్వర్‌కి వెళ్తుంది. అక్కణ్నుంచి బ్యాంకుకి. శనివారం రాత్రి మేం మా ప్లాట్‌ఫాం మొత్తాన్ని అప్‌గ్రేడ్ చేశాం. ఏళ్ల తరబడి ముట్టుకోని పాత జావా 8 నుంచి జావా 17కి. ఆదివారమంతా టెస్టింగ్. అన్నీ పచ్చ లైట్లే. బిర్యానీ కూడా తెప్పించుకున్నాం.

ఒక్కటే మర్చిపోయాం. నెలకోసారి మాత్రమే తెరుచుకునే ఈ తలుపుని.

పేరోల్ వాళ్ల కటాఫ్ సాయంత్రం ఆరు. మూడొందల మందికి పైగా జీతాలు. టీమ్ లీడ్ వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డాడు. "ఏదో సెక్యూరిటీ ఎర్రర్ అంట కదా, ప్రస్తుతానికి ఆ చెకింగ్ తీసేయ్. రేపు చూద్దాం."

నిజం చెప్పాలంటే, ఆయన చెప్పక ముందే నా చెయ్యి అటే పోతోంది. ఈ ఫీల్డ్‌లో ఉన్నవాళ్లకి ఈ చిట్కా బాగా తెలుసు. ఏ సర్టిఫికెట్ వచ్చినా నమ్మేయమని జావాలో నాలుగు లైన్లు రాసేయొచ్చు. పైథాన్‌లో అయితే 'వెరిఫై' దగ్గర 'ఫాల్స్' అని పెడితే చాలు. నెట్‌లో వెతికితే మొదట దొరికేది ఇదే. టెస్ట్ మెషిన్‌లో నేనూ ఆ నాలుగు లైన్లు పెట్టేశా. రన్ కొట్టా.

అదే ఎర్రర్. ఒక్క అక్షరం తేడా లేదు.

అంటే గడియ పీకేశాను, తలుపు మాత్రం తెరుచుకోలేదు. సిగ్గేసింది. ఎర్రర్ పూర్తిగా చదవకుండానే మందు వేశాను మరి. అప్పుడు కూర్చుని చదివా. దాని సారాంశం ఇదీ: 'అవతలి సర్వర్ టీఎల్ఎస్ 1.0 ఎంచుకుంది. మన వైపు ఒప్పుకునేది 1.2, 1.3 మాత్రమే.'

ఇదేంటో అర్థం కావాలంటే ముందు ఆ తాళం కథ తెలియాలి. మీ ఫోన్‌లో ఏ యాప్ తెరిచినా, డబ్బు పంపినా, ఫోనూ సర్వరూ ముందు ఒక చిన్న బేరం ఆడుకుంటాయి. దాన్నే హ్యాండ్‌షేక్ అంటారు. అందులో తేల్చుకోవాల్సినవి మూడు. ఒకటి, ఏ వెర్షన్‌లో మాట్లాడుకుందాం? రెండు, ఏ లెక్కతో రహస్యం దాచుకుందాం? మూడు, నువ్వు నువ్వే అనడానికి గుర్తింపు కార్డు ఏది? ఆ కార్డే సర్టిఫికెట్. మూడింట్లో ఏ ఒక్కటి కుదరకపోయినా బేరం చెడుతుంది. మనకి మాత్రం అన్నిటికీ కలిపి 'కనెక్ట్ కాలేదు' అనే ఒక్క ముక్కే కనిపిస్తుంది.

నాకు చెడింది మొదటి దగ్గర, వెర్షన్ దగ్గర. నేను పీకింది మూడోదాన్ని, సర్టిఫికెట్ చెకింగ్‌ని. ఇక ఎలా పనిచేస్తుంది చెప్పండి!

మన హైటెక్ సిటీలో సైబర్ టవర్స్‌ని అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించింది 1998 నవంబర్‌లో. టీఎల్ఎస్ 1.0 ప్రమాణం వచ్చింది 1999 జనవరిలో. ఇంచుమించు ఈడూ జోడూ. ఇది చదువుతున్న మీలో చాలామంది అప్పటికి పుట్టి ఉండరు. ఆ తర్వాత 2006లో 1.1, 2008లో 1.2, 2018లో 1.3 వచ్చాయి. ఈలోగా పాత తాళాల్లో లోపాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. 2011లో 'బీస్ట్' అనే దాడి టీఎల్ఎస్ 1.0లోని బలహీనతని చూపించింది. చివరికి 2021 మార్చిలో, ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్ 1.0నీ 1.1నీ ఇక వాడొద్దని అధికారికంగా చెప్పేసింది. ఆ మరుసటి నెల వచ్చిన జావా అప్‌డేట్లు ఆ రెండింటినీ డిఫాల్ట్‌గా ఆపేశాయి.

పాత ఐదొందల నోటు గుర్తుందా? 2016 నవంబర్ తర్వాత అది దొంగనోటు అయిపోలేదు. చెల్లకుండా పోయిందంతే. టీఎల్ఎస్ 1.0 కూడా అంతే. మేం అప్‌డేట్ చేయని పాత జావా 8 ఆ నోటుని ఇన్నేళ్లూ కళ్లు మూసుకుని తీసుకుంది. కొత్త జావా 17 "ఇది చెల్లదు బాబూ" అంది. తప్పు అప్‌గ్రేడ్‌ది కాదు. ఇన్నాళ్లూ ఉన్న సమస్యని అది బయటపెట్టింది.

ఈ చిక్కు పెద్దవాళ్లకీ తప్పలేదు. 2020 మార్చిలో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ పాత టీఎల్ఎస్‌ని ఆపేసింది. సరిగ్గా కరోనా మొదలైన రోజులు. ఆ సమాచారం ఇచ్చే కొన్ని ప్రభుత్వ సైట్లు పాత వెర్షన్ మీదే నడుస్తున్నాయి. జనం వాటిని చూడలేకపోతారని మొజిల్లా తన మార్పుని వెనక్కి తీసుకుంది. ఆ ఏడాదే తర్వాత మళ్లీ ఆపేసింది. అంటే భద్రత పేరుతో మనిషిని బయట నిలబెట్టడమూ నష్టమే. ఆ సోమవారం నా పరిస్థితీ అదే. ఒకపక్క తాళం, ఇంకోపక్క అక్క కిరాయి.

సరే, మళ్లీ పనిలోకి. ముందు నా అనుమానాన్ని రుజువు చేసుకోవాలి. ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే టూల్‌తో ఆ సర్వర్‌కి "1.2లో మాట్లాడు" అని కబురు పెట్టా. కుదరదంది. 1.0తో ప్రయత్నిద్దామంటే, మా కొత్త మెషిన్‌లోని ఓపెన్ఎస్ఎస్ఎల్లే 1.0ని పలకనంది! అదృష్టం కొద్దీ పాత మెషిన్ ఇంకా తీసేయలేదు. అందులోంచి 1.0తో ప్రయత్నిస్తే ఠక్కున కలిసింది. రోగం తేలింది.

ఇప్పుడు రెండు దారులు. మా వైపు 1.0కి మళ్లీ తలుపు తీయడం ఒకటి. జావాలో సెక్యూరిటీ సెట్టింగుల ఫైలు ఉంటుంది. నిషేధించిన వెర్షన్ల జాబితాలోంచి 1.0 పేరు తీసేస్తే చాలు. కానీ ఆ సెట్టింగ్ ఒక్క కనెక్షన్‌కి కాదు, ఆ ప్రోగ్రాం మొత్తానికి వర్తిస్తుంది. ఒక చుట్టం కోసం కాలనీ గేటు మొత్తం తెరిచి పెట్టినట్టు. తప్పదనుకుంటే ఆ ఒక్క ఫైలు పంపడానికే వేరే చిన్న ప్రోగ్రాం పెట్టి, దానికి మాత్రమే సడలింపు ఇచ్చి, ఎప్పుడు తీసేస్తామో తేదీ రాసుకోవాలి. ఆ తేదీ లేకపోతే 'తాత్కాలికం' అన్నది పదేళ్లు బతుకుతుంది.

రెండో దారి, అవతలివాళ్లకి ఫోన్ చేయడం. చిత్రం ఏంటంటే, అప్పటిదాకా మా ఆఫీసులో ఎవరికీ ఆ ఆలోచనే రాలేదు.

రెండున్నరకి ఫోన్ ఎత్తిన సర్వర్ అడ్మిన్ పెద్దాయన. విషయం చెప్తే ఒక్క క్షణం ఆగి, "మా సర్వర్ చాలా పాతది బాబూ. దాన్ని ముట్టుకోవాలంటే నాకే భయం" అన్నారు. ఏ సర్వర్ అని అడిగి తెలుసుకున్నా. విండోస్ సర్వర్ 2008 ఆర్2. ప్రాణం లేచొచ్చింది. ఎందుకంటే దానికి టీఎల్ఎస్ 1.2 వచ్చు. కాకపోతే డిఫాల్ట్‌గా ఆన్ అయి ఉండదు. రిజిస్ట్రీలో ఆన్ చేసి రీస్టార్ట్ చేయాలి.

"సార్, మీ సర్వర్‌కి కొత్త భాష వచ్చు. మాట్లాడమని దానికి ఎవరూ చెప్పలేదంతే" అన్నా.

"అది సరే. రీస్టార్ట్ చేసి ఎన్నేళ్లయిందో! లేవకపోతే?"

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. లేవకపోతే ఒక్క మా ఫైలే కాదు, వాళ్ల మిగతా పనులూ ఆగిపోతాయి. ఆయన ముందు బ్యాకప్ తీసుకుంటానన్నారు, పైవాళ్ల పర్మిషన్ కూడా కావాలన్నారు. మా లీడ్ ఈలోపు జీతాల లిస్టు ప్రింట్ తీయించాడు. అవసరమైతే చేత్తో మోసుకెళ్లడానికి. నాలుగూ నలభైకి ఆయన ఫోన్: "రీస్టార్ట్ కొడుతున్నా." తొమ్మిది నిమిషాలు. ఆ తొమ్మిది నిమిషాల్లో నేను రెండు టీలు తాగా. రుచి తెలీలేదు.

లేచింది. 1.2తో కలిసింది. ఐదుంబావుకి ఫైలు వెళ్లింది. పొద్దున పెట్టిన ఆ నాలుగు లైన్లని టెస్ట్ మెషిన్‌లోంచి నేనే తీసేశా. అవి అక్కడే ఉండిపోయుంటే? ఎప్పుడో ఒకరోజు అసలు ప్రోగ్రాంలోకి జారిపోయేవి. అప్పుడు మధ్యలో ఎవడైనా 'పేరోల్ సర్వర్ నేనే' అని నిలబడితే, మా సాఫ్ట్‌వేర్ మూడొందల మంది బ్యాంకు అకౌంట్ నంబర్లు వాడి చేతిలో పెట్టేసేది. అందులో అక్కదీ ఒకటి.

ఇది ఐటీ వాళ్ల గొడవ, మాకెందుకు అనుకోకండి. మీ ఫోన్‌లో 'మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు' అని వస్తుందే, అది ఇదే గొడవ. అప్పుడు కింద చిన్నగా ఉండే 'అయినా కొనసాగు' నొక్కడం, నేను పొద్దున చేసిన పనే. నొక్కే ముందు మూడు చూడండి.

ఫోన్‌లో తేదీ, టైమ్ సరిగ్గా ఉన్నాయా? సర్టిఫికెట్‌కి ఇన్నో తేదీ నుంచి ఇన్నో తేదీ వరకు అని గడువు ఉంటుంది. ఫోన్ తేదీ తప్పయితే మంచి సైటు కూడా దొంగలా కనిపిస్తుంది.

పబ్లిక్ వైఫైలో ఉన్నారా? అయితే మొబైల్ డేటాకి మారి చూడండి. డేటాలో సరిగ్గా వస్తే, తేడా ఆ వైఫైలో ఉన్నట్టు.

ఫోన్ మరీ పాతదా? నమ్మదగిన సంతకాల జాబితా ఫోన్‌లోనే ఉంటుంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ సైట్లకి ఉచితంగా సర్టిఫికెట్లు ఇస్తుంది. దాని కొత్త రూట్ సంతకం ఆండ్రాయిడ్ 7.1.1 కంటే పాత ఫోన్ల జాబితాలో లేదు. ఆ ఫోన్ల కోసం చేసిన ప్రత్యేక ఏర్పాటు కూడా 2024తో ముగిసింది. ఇంట్లో అమ్మానాన్నల పాత ఫోన్‌లో కొన్ని సైట్లు మొరాయిస్తే ఇది కారణం కావచ్చు.

మూడూ చూశాక కూడా హెచ్చరిక వస్తోందా? అది డబ్బు పంపే పేజీ అయితే వెనక్కి వచ్చేయండి. ఆ కంపెనీ నంబర్‌కి ఫోన్ చేయండి.

అప్‌గ్రేడ్‌లు చేసే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒక మాట. బయటికి తెరుచుకునే ప్రతి తలుపునీ ఒక కాగితం మీద రాసుకోండి. రోజూ తెరిచేవే కాదు, నెలకోసారి, ఏడాదికోసారి తెరిచేవి కూడా. పక్కనే అవతలి మనిషి ఫోన్ నంబరు రాసుకోండి. ఆ సోమవారం నన్ను గట్టెక్కించింది నా కోడ్ కాదు, ఆ నంబరే.

మర్నాడు పొద్దున లిఫ్ట్ దగ్గర అక్క కనిపించింది. చేతిలో చీపురు, బకెట్.

"పడ్డయి తమ్మీ. రాత్రే కిరాయి ఇచ్చేసిన. నువ్వు చెప్పినట్టే పడ్డయి" అంది.

ముందురోజు ఆలోచించకుండా అనేసిన మాట అది. ఈసారి మాత్రం ఏమీ అనలేకపోయా. నవ్వి, లిఫ్ట్ బటన్ నొక్కా.