పదియవ మనిషి లేనిచో మందు లేదు

జ్వరము కూలివాని తోటివారిని లెక్కించి వచ్చునా? మన చట్టము మాత్రము వానికి మందిచ్చుటకు ముందు వారిని లెక్కించుచున్నది.

ఇ.ఎస్.ఐ. అని జనులనెడి ఉద్యోగుల రాజ్యబీమా చట్టము 1948లో యంత్రశక్తితో నడచుచు ఇరువదిమంది పనిచేయు కర్మాగారములకే వర్తించెను. శక్తి గలచోట 1989లో ఆ సంఖ్య పదికి దిగెను. 2010లో శక్తిభేదమును తొలగెను. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన సామాజిక భద్రతా స్మృతియు ఆ పదిని చెరుపలేదు. అరువదిరెండేండ్లలో ఇరువదినుండి పదికి దిగితిమి! ఒకటికి చేరుట యెన్నడో పాఠకులే గణింతురు గాక.

ఈ బీమా గలవానికిని వాని కుటుంబమునకును చికిత్స కలదు. జబ్బుపడిన దినములకు కూలిలో నూటికి 70 వంతులు, ఏడాదికి 91 దినములవరకు వచ్చును. తొమ్మండుగురు పనిచేయు హోటలులో మరగిన నూనె పడి చేయి కాలినవానికి ఇవి యేవియు లేవు. వాడు చేసిన నేరమేమి? పదియవవానిని యజమాని పనిలో పెట్టుకొనలేదు, అంతే.

పెట్టుకొనినను దాచుట కష్టము గాదు. పదునెనమండుగురు గల హోటలును సగము తన పేర, సగము భార్య పేర వ్రాసిన చాలును. పొయ్యి యొక్కటియే, ఖాతా పుస్తకములు రెండు. న్యాయస్థానములు ఇట్టి ముసుగులను తొలగించినవి. కాని తీర్పు వచ్చువరకు కాలిన చేయి ఆగునా?

చట్టమున మంచి లేదని మేమనము. గడచిన పండ్రెండు నెలలలో ఏ యొక్కదినమైనను పదిమంది పనిచేసినచో చాలునని పాత చట్టమే పలికెను. ఒకమారు వర్తించిన పిమ్మట సంఖ్య తగ్గినను వర్తించుచునే యుండునని 1989 సవరణ బిగించెను. ఇంత జాగ్రత్త యెరిగినవారు తొమ్మండుగురిని మరచుటయే వింత.

చిన్న యజమాని మోయలేడందురు. 2019 జూలైలో అమలులోనికి వచ్చిన రేటు ప్రకారము యజమాని వంతు నూటికి మూడుంబాతిక. అనగా పదివేల కూలికి నెలకు 325 రూపాయలు. నిజముగా ఆ మాత్రము మోయలేని వర్తకుడున్నచో ప్రభుత్వము ఆదుకొనుగాక. వాని లోటును కూలివాని ఒంటిచేత పూడ్పించుట యేమి న్యాయము?

యజమానియు, పనివారిలో అధికసంఖ్యాకులును సమ్మతించినచో చిన్న సంస్థలును చేరవచ్చునట! యజమాని తలయూపువరకు కాచుకొనియుండెడి దానిని హక్కని పిలుచుట మాకు చేతగాదు.

ప్రమాదకరమైన పనులయందు ఒక్కడున్నను వర్తింపజేయవచ్చునని ఆ స్మృతియే ఒప్పుకొనుచున్నది. ఒక్కనికి సాధ్యమైనది తొమ్మండుగురికి అసాధ్యమెట్లు? స్మృతి మొదటి షెడ్యూలులోని పదిని కొట్టివేసి ‘ఒకటి’ యని వ్రాయవలెను. మన సభ్యులు వచ్చు పార్లమెంటు సమావేశమున ఈ సవరణను కోరుదురా, కోరరా?