వర్షమాపకము ఎప్పుడు మేలుకొనవలెను?



నల్లమాడ వంటి మెట్ట ప్రాంతములో వాన లెక్క చిన్న విషయము కాదు. పూర్వపు అనంతపురం జిల్లాలో సగటు వర్షపాతము ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అదియు ఒక ఊరిలో కురిసి, పక్క ఊరిలో కురవకపోవచ్చును. వేరుసెనగ విత్తుటకు చాలినంత పదును కలదా అని తెలియవలెనన్నను, వాతావరణ ఆధారిత పంటల బీమా ఉన్న చోట పరిహారము తేలవలెనన్నను ఆ అంకెయే ఆధారము.

ఇప్పుడు ఆ అంకెను స్వయంచాలిత వాతావరణ కేంద్రములు పంపుచున్నవి. వీటి పెట్టెలో మైక్రోకంట్రోలరు అను చిన్న కంప్యూటరు, బ్యాటరీ, సిమ్ కార్డుతో పనిచేయు మోడెము ఉండును. బ్యాటరీకి సోలారు పలక ఆధారము. అయితే ముసురు పట్టిన దినములలో పలక నుండి వచ్చు విద్యుత్తు తగ్గిపోవును. అంకె మిక్కిలి అవసరమైన దినముననే బ్యాటరీకి మేత తగ్గుచున్నది. కనుక పెట్టె తన విద్యుత్తును ఎట్లు పొదుపు చేయుచున్నదో మనము తెలిసికొనవలెను.

నీరు తక్కువగా ఉన్న బోరును మీరెట్లు వాడుదురు? కొంతసేపు ఆడించి, నీరు ఊరువరకు ఆపుదురు. పెట్టెయు అట్లే పని చేయవలెను. పని ఉన్నప్పుడు మేలుకొని, లేనప్పుడు నిద్రపోవలెను.

ఒక లెక్క చూడుడు. 7 ఆంపియర్ గంటల బ్యాటరీ ఉన్నదనుకొందము. కంప్యూటరు ఎల్లవేళల మేలుకొని 20 మిల్లీ ఆంపియర్లు వాడినచో, సోలారు లేకున్న రెండు వారములలో బ్యాటరీ అయిపోవును. పది నిమిషములకు ఆరు సెకండ్లు మాత్రమే మేలుకొన్నచో సగటు వాడకము పావు మిల్లీ ఆంపియరుకు దిగవచ్చును. కాని మోడెము పెద్ద తిండిపోతు. అది ఒక్కొక్కమారు 200 మిల్లీ ఆంపియర్ల చొప్పున ఒక నిమిషము పనిచేయుననుకొనుడు. పది నిమిషములకొకసారి అంకె పంపినచో బ్యాటరీ మరల రెండు వారములకే వట్టిపోవును. గంటకొకసారి పంపినచో సుమారు 80 దినములు వచ్చును.

మరి నిద్రలో ఉండగా వాన పడినచో లెక్క తప్పదా? తప్పదు. గరాటు క్రింద రెండు అరల చిన్న తొట్టి ఉండును. ఒక అర నిండగానే తొట్టి ఒరిగి, అయస్కాంతపు స్విచ్చును కదిపి కంప్యూటరును లేపును. ఒక్కొక్క ఒరుగు 0.2 లేక 0.5 మిల్లీమీటర్ల వానకు గుర్తు. లెక్క వ్రాసికొని పెట్టె మరల నిద్రపోవును.

నిమిష నిమిషమునకు అంకె వచ్చు పెట్టెయే గొప్పదని కొందరందురు. నేను దానితో ఏకీభవింపను. విత్తువానికి గంట ఆలస్యమైన అంకె పనికివచ్చును. తుపాను రాత్రి ఆగిపోయిన పెట్టె ఎవరికిని పనికిరాదు. బ్యాటరీ తగ్గినప్పుడు దినమునకొకసారి మాత్రమే పంపినను మేలే, కాని వాన లెక్కించుట మానరాదు. లెక్కించినదంతయు జ్ఞాపకములో నిలుపుకొని తరువాత పంపవలెను.

గ్రామ అధికారులు, రైతు సేవా కేంద్రముల సిబ్బంది మూడు ప్రశ్నలు తప్పక అడుగవలెను. ఎండ లేకున్న ఈ పెట్టె ఎన్ని దినములు నడచును? బ్యాటరీ తగ్గినప్పుడు ముందుగా ఏ పని మానును? పంపని అంకెలు ఎంతకాలము నిలుచును? చేను తేమ చూపు సాధనములు కొను రైతులును ఇవే ప్రశ్నలు అడుగుడు. సోలారు పలకపై దుమ్మును, గరాటులోని ఆకులను తీయించుడు. వానలు వచ్చిన తరువాత కాదు, రాకముందే ఈ పని జరుగవలెను.