కాపలాకు మస్టరు లేదు

పిల్లలతో దూరప్రయాణం చేసే తల్లికి సలహాలకు కొదవలేదు. విమానం మారడానికి పది, పన్నెండు గంటలు ఆగాల్సి వస్తే పిల్లలకు విసుగు రాకుండా ఏం చేయాలి, ఏం తినిపించాలి, ఫోను చార్జింగ్ ఎక్కడ పెట్టాలి అని అందరూ చెప్తారు. ఈ సలహాలన్నీ ఒక ప్రశ్నను దాటేసి మొదలవుతాయి. ఆ పన్నెండు గంటలూ ఎవరు మేలుకుని ఉండాలి? జవాబు అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ అడగరు. తల్లి మేలుకుంటుంది. పిల్లవాడు చంకలో పసివాడైనా, మీసం మొలుస్తున్న పదిహేనేళ్ళవాడైనా తల్లే మేలుకుంటుంది. పసివాడి సంగతి సరే, ఈ రెండోవాడి విషయంలోనే నా పేచీ.

నిరుడు వేసవిలో నేనూ, నా పదిహేనేళ్ళ కొడుకూ లండన్ వెళ్తూ దోహాలో పదకొండు గంటలు ఆగాం. 2014లో తెరిచిన ఆ హమద్ విమానాశ్రయంలో ఉర్స్ ఫిషర్ అనే స్విస్ కళాకారుడు చేసిన ఏడు మీటర్ల పసుపుపచ్చ ఎలుగుబొమ్మ ఉంటుంది. అందరూ దాని ముందు ఫోటోలు దిగుతారు. నా కళ్ళు మాత్రం నిద్రపోయేవాళ్ళ మీద నిలిచాయి. మగవాళ్ళు కార్పెట్ మీద కాళ్ళు బారజాపి, ముఖం మీద తువ్వాల కప్పుకుని ఒళ్ళు తెలియకుండా పడుకున్నారు. ఆడవాళ్ళు కూర్చునే కునుకు తీస్తున్నారు. బ్యాగు పట్టీ మణికట్టుకు చుట్టుకుని, పిల్లల తలలు ఒళ్ళో పెట్టుకుని, పక్కనుంచి ఎవరు నడిచినా కళ్ళు తెరుస్తున్నారు. అందరిదీ ఒకే చోట ఆగిన ప్రయాణమే, కానీ అందరికీ దొరికిన విరామం ఒకటి కాదు.

శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే ముంబయి స్త్రీల మీద రాసిన 'వై లాయిటర్' 2011లో వచ్చింది. ఏ పనీ లేకుండా బజారులో ఊరికే నిలబడే హక్కు స్త్రీకి కావాలని వాళ్ళు వాదించారు. నేను ఇంకొక అడుగు ముందుకు వేస్తాను. నలుగురు తిరిగే చోట ఒళ్ళు మరచి నిద్రపోయే హక్కు కావాలి. నిలబడిన మనిషి తనను తాను కాచుకోగలదు. నిద్రపోవాలంటే తన కోసం మరొకరు మేలుకోవాలి. ఆ మరొకరు ఎవరన్నదే అసలు రాజకీయం.

నేను శ్రీరాంపూర్ బొగ్గుబాయి కార్మికుడి బిడ్డను. రాత్రి షిఫ్టు దిగి వచ్చిన నాయిన పగలు పడుకుంటే మా క్వార్టర్ ఊపిరి బిగబట్టేది. "సప్పుడు చేయకుండ్రి, నాయిన పండుకున్నడు" అని అమ్మ కిటికీకి దుప్పటి కట్టేది. అందులో అన్యాయమేమీ లేదు. భూమి కింద చెమటోడ్చిన మనిషికి నిద్ర కావాలి. కానీ షిఫ్టు మారినప్పుడల్లా తన పొద్దును మార్చుకుని, ఏ జామున టిఫిన్ కట్టాలంటే ఆ జామున లేచిన అమ్మ ఎప్పుడు పడుకునేది? "అమ్మ పండుకున్నది, సప్పుడు చేయకుండ్రి" అన్న మాట మా వాడలో ఏ ఇంట్లోనూ నేను వినలేదు. నాయినకు బాయి మీద మస్టరు పడేది. అమ్మ మెలకువకు మస్టరు లేదు. మస్టరు లేని పనికి విశ్రాంతి కూడా ఉండదు.

ఇది మా ఇంటి గొడవ మాత్రమే కాదు. 1952 గనుల చట్టంలోని 46వ సెక్షన్ స్త్రీలను భూగర్భ పనిలోకి రానివ్వలేదు. 2019లో గానీ సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ ఉద్యోగాలకు ఆ తలుపు కొద్దిగా తెరుచుకోలేదు. అంటే బొగ్గు ఊళ్ళలో ఆడవాళ్ళను మస్టరుకు దూరంగా ఉంచింది చట్టమే. ఇంటి పనిని 'సెకండ్ షిఫ్ట్' అని సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హోక్‌షైల్డ్ 1989లో పేరుపెట్టింది. మా ఊళ్ళో ఆ మాట బాయి సైరన్‌తో పాటు వినపడేదే, కానీ ఆడవాళ్ళ పనికి ఎవరూ వాడలేదు. మన దేశంలో 2019లో జరిగిన కాల వినియోగ సర్వేలో, ఇంటి పని చేస్తున్న స్త్రీలు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు పెట్టారు. 2024 సర్వేలో అవి 289, 88 అయ్యాయి. తేడా 202 నిమిషాల నుంచి 201కి దిగింది. ఐదేళ్ళలో మనం సాధించింది ఒక్క నిమిషం!

దోహాలో నేను మా ఊరి పద్ధతే పెట్టాను. ఫస్ట్ షిఫ్ట్ నాది, సెకండ్ షిఫ్ట్ నీది, థర్డ్ షిఫ్ట్ ఇద్దరిదీ అన్నాను. షిఫ్టులో ఉన్నవాళ్ళు సామాను చూడాలి, గేటు నంబరు మారిందేమో చూడాలి, పాస్‌పోర్టులు దగ్గర పెట్టుకోవాలి, నిద్రపోయేవాళ్ళను సమయానికి లేపాలి. వాడు చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి, "నేనెందుకు? నువ్వున్నవు గదా అమ్మా!" అన్నాడు. వాడు చెడ్డపిల్లవాడేం కాదు. తరగతిలో స్త్రీ పురుష సమానత్వం మీద వ్యాసం రాసి బహుమతి తెచ్చుకున్నవాడే. 'నువ్వున్నవు గదా' అనే మాటలో వాడికి ఏ దౌర్జన్యమూ కనపడదు. పితృస్వామ్యం మన ఇళ్ళలో కర్ర పట్టుకుని తిరగడం ఎప్పుడో మానేసింది. ఇప్పుడు ఇంత మెత్తగా, ఇంత ప్రేమగా మాట్లాడుతుంది.

నేను పడుకోబోతుంటే ఎదుటి వరసలో కూర్చున్న ఒక పెద్దాయన కలగజేసుకున్నాడు. మన తెలుగాయనే, అమెరికాలో కొడుకు దగ్గరికి పోతున్నాడు. "చిన్నపిల్లాడిమీద పెట్టి నిద్రపోతారేమిటమ్మా?" అన్నాడు. ఆయన భార్య అప్పటికి మూడు గంటలుగా ఆయన షుగరు మాత్రల సంచీ పట్టుకుని నిటారుగా కూర్చుని ఉంది. ఆ పక్కన కువైట్‌కు ఇంటిపనికి పోతున్న రాయచోటి వైపు ఆమె, "నువ్వు పడుకో అక్కా, బ్యాగులు నేను చూస్తాలే. ఈ పిల్లోడి ఈడుదే నా కూతురు గూడా. మా అమ్మకాడ ఇడిసిపెట్టి వస్తాండా" అంది. పదో తరగతి దాటని స్త్రీ ముప్ఫయ్యేళ్ళు నిండకుండా గల్ఫ్‌కు ఇంటిపనికి పోవడానికి మన ప్రభుత్వం అనుమతించదు. రక్షణ కోసమట. అలా ప్రభుత్వం ఆమెకు కాపలా కాస్తుంది. ఆమె కువైట్‌లో వేరేవాళ్ళ పిల్లలకు కాపలా కాస్తుంది. ఆమె కూతురికి ముసలితల్లి కాపలా. ఈ గొలుసులో ఎక్కడా ఒక మగవాడు మేలుకుని లేడు. ఆమె సాయానికి దండం పెట్టి, వాడి షిఫ్టు వాడికే వదిలాను.

నా స్త్రీవాద మిత్రులు కొందరు దీన్ని ఒప్పుకోరు. తల్లి అప్రమత్తతలో ఒక శక్తి ఉందనీ, దాన్ని భారంగా చూడటం మగవాడి లెక్కతో ఆలోచించడమనీ అంటారు. శక్తి అయితే దాన్ని కొడుకులకు కూడా ఇద్దాం, అభ్యంతరమేముంది? మరొకరు, నీ కొడుకు స్థానంలో కూతురుంటే ఇలాగే నిద్రపోయేదానివా అని అడిగారు. కూతురికి ఈ చదువు కొత్తగా చెప్పక్కర్లేదు. ఆరేళ్ళకే తమ్ముణ్ణి చూడమని, పొయ్యి మీద పాలు చూడమని నేర్పేశాం. పదిహేనేళ్ళొచ్చినా చూడటం రానివాడు కొడుకే.

సాహిత్యం చదువుకున్న మన బాధ్యత ఇక్కడ మరీ ఎక్కువ. ఆలంకారికులు ఎనిమిది మంది నాయికలను లెక్కపెట్టారు. వాసకసజ్జిక అలంకరించుకుని ఎదురుచూస్తుంది. విరహోత్కంఠిత రానివాడి కోసం తపిస్తుంది. ప్రోషితభర్తృక దేశాంతరం పోయినవాడి కోసం రోజులు లెక్కపెడుతుంది. ధీరోదాత్తుడు మొదలైన నాయకుల్లో ఎదురుచూడటమే పనిగా ఉన్నవాడు ఒక్కడూ లేడు. ఇంకొక సంగతి. ఆ ఎనిమిది మందిలో ఎవరి ఒళ్ళోనూ బిడ్డ లేదు. నిరీక్షణను శృంగారం చేసి, అందులోని చాకిరీని లెక్కలోంచి తీసేశారు. నేటికీ దుబాయికి పోయినవాడి భార్య మన కథల్లో గడపలో కూర్చుని కన్నీరు పెడుతూనే ఉంటుంది. ఆ గడపలోనే ఆమె చేసే బాకీల లెక్క, బడి ఫీజు, అత్త మందులు ఎన్ని కథలకు ఎక్కాయి?

కాబట్టి తల్లులకు నేనిచ్చే సలహా ఒకటే. ప్రయాణంలో ఎదిగిన కొడుకుకు విసుగు వస్తే రానివ్వండి, దానికి మందు వెతకకండి. వాడి చేతికి పాస్‌పోర్టులిచ్చి కాళ్ళు చాపుకుని పడుకోండి. రచయిత్రులకు నా విన్నపం కూడా అలాంటిదే. మన కథల్లో ఎదురుచూసి అలసిన ఆడవాళ్ళు ఇప్పటికే చాలామంది ఉన్నారు. నిశ్చింతగా నిద్రపోతున్న స్త్రీని, ఆమె తలాపున మేలుకుని కూర్చున్న మగపిల్లవాణ్ణి ఇక రాయండి.