యంత్రం వచ్చింది, శిక్షణ ఏదీ?

పార్లమెంటులో పత్రికా ప్రతినిధుల గ్యాలరీ నుంచి చూసేవానికి రైల్వేలంటే అంకెలే. ఇన్ని వేల కోట్ల పెట్టుబడి, ఇన్ని కిలోమీటర్ల కొత్త లైను, ఇన్ని కొత్త బండ్లు. ప్రత్యేక రైల్వే బడ్జెట్టు చివరిసారిగా సభముందుకు వచ్చింది 2016 ఫిబ్రవరి 25న. మరుసటి ఏటి నుంచి అది సాధారణ బడ్జెట్టులో కలిసిపోయింది. అంతకు ముందు రైల్వే బడ్జెట్టు నాడు మన సభ్యులు తమ నియోజకవర్గంలో ఫలానా బండి ఆగడం లేదని ఎలుగెత్తి ఘోషించేవారు. బండిని గురించిన ఆ ఘోషలో బండికింది పట్టాను గురించి, పట్టాకింది కంకరను గురించి, ఆ కంకరలో చెమటోడ్చే మనిషిని గురించి నేను విన్నది అత్యల్పం.

ఆ లోటు నాకు స్పష్టంగా తెలిసివచ్చింది ఢిల్లీలో కాదు, ఖరగ్‌పూర్‌లో.

ఖరగ్‌పూర్ మన పాఠకులకు కొత్త ఊరు కాదు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాలలో ఆ ఊళ్లో చుట్టం లేని రైల్వే కుటుంబం అరుదు. పంతొమ్మిదవ శతాబ్ది చివర బెంగాల్ నాగపూర్ రైల్వే అక్కడ జంక్షను కట్టింది. 1904లో కర్మాగారం వెలసింది. అప్పటినుంచి మనవారు తరతరాలుగా ఆ పట్టాలవెంట వెళ్లి అక్కడే స్థిరపడ్డారు. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడిన తరువాత కూడా, 2003లో తూర్పు కోస్తా రైల్వే విడివడే దాకా, వాల్తేరుకూ ఖరగ్‌పూర్‌కూ యజమాని ఒక్కరే. బంధుత్వాలవలెనే బదిలీలూ ఆ దారినే సాగాయి.

నింపురా యార్డుకు సమీపంలో ఒక ఇంటి అరుగుమీద ఒక విశ్రాంత గ్యాంగ్ మేట్‌తో గంటసేపు మాట్లాడాను. తండ్రి శ్రీకాకుళం జిల్లానుంచి వచ్చి లైనుమీద చేరాడట. కొస గుండ్రంగా ఉన్న కర్రను స్లీపరుమీద వదిలి, ఆ చప్పుడును బట్టి అడుగున కంకర దట్టంగా ఉన్నదో డొల్లగా ఉన్నదో ఎలా చెప్పగలిగేవారో ఆయన వివరించాడు.

"డొల్ల చప్పుడు వత్తే కింద ఖాళీ ఉన్నట్టు బాబూ. అది మా నాయన నాకు నేర్పినాడు, నేను మా గ్యాంగోలకి నేర్పినాను. మరి మిషను సంగతంటారా, అది నన్నడక్కండి" అన్నాడు.

ఆయన నవ్వుతూ అన్న ఆ చివరి మాట నన్ను తిరుగు ప్రయాణమంతా వెంటాడింది.

ఆంగ్ల సాహిత్యంలో పట్టా పుచ్చుకున్నవాణ్ణే గాని, రైలు పట్టా సంగతి నాకు నిన్నమొన్నటి దాకా తెలియదు. తెలుసుకున్నది పాఠకులకు మనవి చేస్తాను. కంకర కేవలం రాళ్ల పోగు కాదు. 20 నుంచి 65 మిల్లీమీటర్ల పరిమాణం గల ఆ రాళ్లు స్లీపరు అడుగున 250 నుంచి 350 మిల్లీమీటర్ల మందాన పరచుకుని బండి బరువును నేలకు పంచుతాయి, వాననీటిని పోనిస్తాయి. అన్నిటికన్న ముఖ్యంగా పట్టాను పక్కకు జరగనీయక పట్టి ఉంచుతాయి. నేడు పట్టాలను కిలోమీటర్ల పొడవున ఏకంగా అతుకుతున్నారు. ఎండకు సాగదలచిన ఉక్కుకు సాగే చోటు లేదు. దానిని వంకర తిరగకుండా ఆపేది స్లీపర్లను కరచి పట్టుకున్న కంకరే.

కాలక్రమంలో ఈ కంకరలో మట్టి, బొగ్గుపొడి, అరిగిన రాతిపిండి చేరతాయి. సుమారు పదేళ్లకొకసారి దానిని అడుగంటా తవ్వి జల్లించాలి. పూర్వం ఈ పనిని గునపం, పార, బుట్టలతో చేసేవారు. ఇప్పుడు కంకరను శుభ్రపరచే యంత్రం ఉన్నది. దాని పళ్ల గొలుసు స్లీపర్ల అడుగునుంచి దూరి కంకరను పైకి తెస్తుంది. జల్లెడలు మట్టిని వేరుచేస్తాయి, మంచి రాయి తిరిగి లైనులో పడుతుంది. దాని తరువాత కంకరను దట్టించే యంత్రం పట్టాను ఎత్తి పట్టుకుని, ఒక్కొక్క స్లీపరుకు 16 ఉక్కు వేళ్లను దింపి, సెకనుకు 35 పర్యాయాలు కంపింపజేస్తూ రాళ్లను స్లీపరు కిందికి నొక్కుతుంది. 1960ల నాడే ఇటువంటి యంత్రాలు మన రైల్వేలలో ప్రవేశించాయి. నేడు ప్రధాన మార్గాలలో అవి లేక పని జరగదు.

ఇంత గొప్ప యంత్రమూ మనిషిమీదనే ఆధారపడి ఉన్నది. యంత్రం రాకముందు వంకరపోయిన స్లీపర్లను సరిచేయాలి, ఊడిన క్లిప్పులు బిగించాలి, కంకర చాలనిచోట పోయాలి, అడ్డువచ్చే సామగ్రిని విప్పి ఉంచాలి, భూమిలోని సిగ్నలు తీగలు ఎక్కడ ఉన్నవో గుర్తు పెట్టాలి. స్లీపరు వంకరగా ఉంటే ఉక్కువేలు కంకరలో గాక కాంక్రీటుమీద దిగుతుంది. కంకర చాలకుంటే దట్టించినది రెండు వానలకు జారిపోతుంది. జల్లించిన వెంటనే పట్టాకు పట్టు సడలి ఉంటుంది. అందుకే బండ్ల వేగాన్ని బాగా తగ్గించి, మరల దశలవారీగా పెంచుతారు. ఎండ హద్దు మీరినప్పుడు ఆ పని చేయరాదు. ఇవన్నీ చేసేవాడు యంత్రంలో కూర్చున్నవాడు కాదు. ఒకనాటి గ్యాంగ్‌మన్, నేడు ట్రాక్ మెయింటెయినర్ అనే కొత్త పేరు మోస్తున్నవాడు. 'చేయి' అంటే చేస్తాడు. ఎందుకు చేయాలో తెలిసి చేస్తున్నాడా అన్నదే ప్రశ్న.

యంత్రాలను నడిపేవారికి అలహాబాదులో, అనగా నేటి ప్రయాగ్‌రాజ్‌లో, 1984 నుంచి ప్రత్యేక శిక్షణ కేంద్రం ఉన్నది. దాని అవసరాన్ని నేను ప్రశ్నించడం లేదు. యంత్రానికి ముందూ వెనుకా నడిచే వందలాది చేతులకు ఆ యంత్రపు ఓనమాలు చెప్పడం కూడ అంతే అవసరమని నా వాదన. ఇది పని నాణ్యతకు మాత్రమే సంబంధించినది కాదు, ప్రాణాలకు సంబంధించినది. యంత్రఘోషలో పక్క లైనుమీద వచ్చే బండి కూత వినిపించదు. ఎక్కడ నిలబడాలి, హెచ్చరిక వినగానే ఎటు తొలగాలి, యంత్రంలో ఏ భాగం ఎటు తిరుగుతుంది అన్నది ముందుగా తెలిసి ఉండాలి. 2012లో నివేదిక సమర్పించిన అనిల్ కాకోద్కర్ సంఘం, 2007-08 మొదలు 2011 అక్టోబరు వరకు సుమారు 1600 మంది రైల్వే సిబ్బంది విధి నిర్వహణలో మరణించారని, 8700 మంది గాయపడ్డారని లెక్క చెప్పింది. వీరందరూ కంకర పనివారు కారు. అయినా ఆ అంకె చదివి నిద్రపట్టని మంత్రి ఎందరు?

2022 డిసెంబరులో కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ పార్లమెంటుకు సమర్పించిన నివేదిక బండ్లు పట్టాలు తప్పడాన్ని గురించినది. పరిశీలించిన 1129 విచారణ నివేదికలలో 171 సందర్భాలకు పట్టాల నిర్వహణ లోపమే కారణమని అందులో ఉన్నది. మరొక విశేషం కూడ ఉన్నది. యంత్రాలు పనిలేక నిలిచిపోవడానికి గల కారణాలలో, రాకపోకలు ఆపి లైను అప్పగించకపోవడం 32 శాతం, ఆ విరామాన్ని డివిజన్లు ముందుగా నిర్ణయించుకోకపోవడం 30 శాతం. సిబ్బంది కొరత 5 శాతమే.

శిక్షణ మాట ఎత్తగానే అధికారులు చెప్పే మొదటి అభ్యంతరం సమయం లేదని. మనుషులే చాలడం లేదు, వారిని తరగతి గదికి పంపితే లైను ఎవరు చూస్తారని అడుగుతారు. అభ్యంతరం నిజమైనదే. దానికి సమాధానం పై నివేదికలోనే లేదా? కోట్ల రూపాయల యంత్రం లైను దొరకక సైడింగులో నిలబడి ఉన్న గంటలే పాఠశాల గంటలు, ఆ యంత్రమే నల్లబల్ల. దానితో పనిచేయవలసినవారిని ఆ పూట దానిచుట్టూ నిలబెట్టి, ఇది గొలుసు, ఇది జల్లెడ, ఇక్కడ నిలబడరాదు అని చూపడానికి కొత్త భవనం అక్కరలేదు.

ఇక రెండవది భాష. రైల్వే నాలుగవ తరగతి ఉద్యోగాల ప్రవేశ పరీక్షను నేడు తెలుగుతో సహా 15 భాషలలో వ్రాయవచ్చు. తెలుగులో పరీక్ష పెట్టి ఎంచుకున్న మనిషికి, ఉద్యోగంలో చేరాక ప్రాణరక్షణ సూత్రాలను హిందీలోనో ఆంగ్లంలోనో చెబితే చాలునా? 1963 నాటి అధికార భాషల చట్టం ఆఫీసు కాగితాలను గురించినది. పట్టా పక్కన నిలబడి పనివానికి వాని భాషలో పాఠం చెప్పవద్దని అది ఎక్కడా శాసించలేదు. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వమే 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వ నిశ్చయించినప్పుడు, అదే గడ్డమీది రైల్వేలు ఒక తెలుగు పాఠ్యపుస్తకం వేయించలేవా? తెలుగువానికి తెలుగులో, బెంగాలీకి బెంగాలీలో, ఒడియా వానికి ఒడియాలో చెప్పాలి. ఇది అభిమానపు ప్రశ్న కాదు, అర్థం కావడమనే ప్రశ్న.

2023 జూన్ 2న బహనాగా బజార్ స్టేషనులో కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదంలో 290 మందికి పైగా మరణించారు. ఆ స్టేషను ఖరగ్‌పూర్ డివిజనులోనిదే. ఆ ఘోరానికి కంకరతో నిమిత్తం లేదు, సిగ్నలు తీగల అమరికలో జరిగిన తప్పులు కారణమని భద్రతా కమిషనర్ తేల్చారు. అయినా ఒక సంగతి రెండింటికీ సమానం. పరికరం ఎంత విలువైనదైనా, దానిని విప్పి మరల బిగించే చేతికి అర్థం తెలియకపోతే ఆ విలువ ప్రయాణికుణ్ణి కాపాడదు.

1927-28 సంవత్సరాలలో ఇదే ఖరగ్‌పూర్‌లో, ఉద్యోగాల తొలగింపునకు వ్యతిరేకంగా సాగిన కార్మికుల పోరాటానికి ముందు నిలిచినవారిలో వి.వి. గిరి ఉన్నారు. నాడు మనిషిని పనినుంచి బాహాటంగా తీసివేసేవారు. నేడు యంత్రాన్ని తెచ్చి, దాని సంగతి చెప్పకుండా మనిషిని పక్కన నిలబెడితే, అదీ ఒక రకమైన తొలగింపే. యంత్రం వద్దనడం అవివేకం. నలభై డిగ్రీల ఎండలో గునపం పట్టినవాడు ఆ మాట అనడు. ఆ యంత్రం తనదీ అనిపించే పరిజ్ఞానం అతనికి కావాలి, నేర్చినవానికి యంత్ర సిబ్బందిలో చేరే దారీ కావాలి. గుత్తేదారు తెచ్చిన కూలీని ఆ పాఠంనుంచి మినహాయించరాదు, ప్రమాదం అతనిని మినహాయించదు గనుక.

తెలుగు సభ్యులు రాబోయే సమావేశాలలో ఒక చిన్న ప్రశ్న వేయవచ్చు. యంత్రాలతో కలిసి పనిచేసే ట్రాక్ సిబ్బందిలో ఎందరికి, ఎన్ని గంటల శిక్షణ, ఏ భాషలో ఇచ్చారు? జవాబును సభా సమక్షంలో ఉంచవలసిందని పట్టుబడితే చాలు. బండి తమ ఊళ్లో ఆగాలని అడిగే హక్కు వారికి ఎప్పుడూ ఉన్నది. ఆ బండి క్షేమంగా ఆ ఊరు చేరాలని కూడ ఒకసారి అడగవలసిందిగా వారిని కోరుతున్నాను.